వెళ్తే ఉండిపోవడానికే వెళ్లండి

మా సంఘంలో ఎవరి అబ్బాయికైనా హెచ్‌వన్‌బీ వస్తే ఆ ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన ఉంటుంది, ఆరాధన అయ్యాక అందరికీ బిర్యానీ ప్యాకెట్లు పంచుతారు. ఎవరి అమ్మాయికైనా లండన్‌లో నర్సు ఉద్యోగం వస్తే పాస్టరుగారు ముందుకు పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. మంచిదే, మన పిల్లలు పైకొస్తే ఎవరికి సంతోషం ఉండదు. కానీ మా యూత్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివి, సికింద్రాబాద్‌లో కొన్నేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్న ఒక అమ్మాయి, తూర్పు ఆఫ్రికాలో ఒక మిషన్ ఆస్పత్రికి వెళ్తానని, అదీ రెండు వారాల ట్రిప్పు కాదు, బతుకంతా అక్కడే పనిచేస్తానని చెప్పినప్పుడు మాత్రం ఎవరూ ముందుకు పిలవలేదు. వాళ్ల నాన్నగారు గేటు దగ్గర నన్ను ఆపి, "సిస్టర్, అది మీ మాట వింటుంది, మీరైనా కొంచెం నచ్చజెప్పండి" అన్నారు.

ఆయన ఉద్దేశం వద్దని చెప్పమని. నేను మాత్రం వెళ్లమనే చెప్పాను. నేనూ నర్సునే, యూత్ కూడికలు చూసుకుంటాను కాబట్టి ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు, కొందరిని వద్దని ఆపాను కూడా. ఎవరిని పంపాలి, ఎవరిని ఆపాలి అన్నదానికి నాకు తెలిసిన కొలత ఒక్కటే: అక్కడ ఉండిపోయే ఓపిక, పనికొచ్చే చదువు ఉన్నాయా లేవా. మిగతా అంతా, పిలుపు వచ్చిందనడం, కలలో కనిపించిందనడం, మీటింగులో కన్నీళ్లు పెట్టుకోవడం, దేవుడికీ వాళ్లకీ మధ్య విషయం, దాన్ని నేను తేల్చలేను.

మన ఇళ్లలోకి చదువు ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. మా నాయనమ్మకు అక్షరాలు నేర్పింది మెదక్ వైపు ఒక మిషన్ బడి. క్రిస్మస్‌కి జేబీఎస్‌లో మెదక్ బస్సులు కిటకిటలాడతాయి, అందరం వెళ్లి ఆ చర్చి ముందు ఫోటోలు దిగుతాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించింది కరవు రోజుల్లో, కూలి దొరకని జనానికి పని చూపించి తిండి పెట్టడం కోసం. నిజామాబాద్ దారిలో డిచ్‌పల్లి ఉంది. కుష్ఠు వచ్చినవాళ్లను ఊరి బయటికి గెంటేసే రోజుల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరు ఇజబెల్ కెర్, ఆమె భర్త కలిసి 1915లో అక్కడ ఆస్పత్రి పెట్టారు. దానికి డబ్బిచ్చినవాళ్లలో ముఖ్యుడు రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఈ సంగతి మన సంఘాల్లో ఎక్కువగా చెప్పరు, చెప్పాలి. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో దిగితే, ఆమెను పంపిన బోర్డు మొదట వైద్యం కోసం పంపనే లేదు. బడి పనులు చేస్తూ పక్కన రోగుల్ని చూసుకుంటూ, చివరికి 1898లో ఆడవాళ్ల కోసం ఆస్పత్రి తెరిచి, 1930లో అక్కడే కన్నుమూసింది.

వీళ్లు తెల్లవాళ్లు కావడం, తెల్లవాళ్ల రాజ్యంలో రావడం నాకు తెలుసు, ఆ రాజ్యం చేసిన పాపాలూ తెలుసు. అయినా వీళ్లు తెలుగు నేర్చుకున్నారు. ముప్పై నలభై ఏళ్లు మన ఎండల్లో ఉన్నారు. కొందరు మన మట్టిలోనే ఉన్నారు. రెండు వారాలు ఉండి వెళ్లిపోయిన వాళ్ల పేర్లు డిచ్‌పల్లిలో ఎవరికీ తెలియవు.

మనవాళ్లు కూడా వెళ్లారు, ఇది చాలామందికి తెలియదు. 1903లో జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు సేవకుడు నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి వెళ్లాడు, పంపింది తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ. 1860 నుంచి చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా ఓడల్లో తరలించిన మనవాళ్ల మధ్య పనిచేయడానికి. అప్పట్లో మన సంఘాల్లో ఎంతమందికి రెండు పూటలా తిండి ఉండేదో ఆలోచించండి. 1876-78 నాటి మహా కరవు చూసిన తరం ఇంకా బతికే ఉంది, వాళ్లు ఒక మనిషిని సముద్రం దాటించి పంపారు. ఈ రోజు కొంపల్లిలో ఇల్లు, పిల్లలకు కారు ఉన్న మనం ఒక నర్సును పంపడానికి వెనకాడుతున్నాం. అలాగే అజరయ్య గారు తిరునల్వేలి నుంచి దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యి, 1945లో దోర్నకల్లోనే చనిపోయారు. అది విదేశం కాదు గానీ, ఒక తమిళుడికి ఆ రోజుల్లో మానుకోట అడవుల వైపు రావడం విదేశంతో సమానమే.

"ఇక్కడ పేదలు లేరా, ఆసిఫాబాద్ లేదా, భద్రాచలం ఏజెన్సీ లేదా" అని అడుగుతారు. ఉన్నారు. ఈ ప్రశ్న డల్లాస్ వెళ్లే అబ్బాయిని ఎవరూ ఎందుకు అడగరు? అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ తీసుకుని గల్ఫ్‌కీ ఇంగ్లండ్‌కీ వెళ్లే నర్సుల్ని, ఇక్కడ గవర్నమెంటు ఆస్పత్రుల్లో స్టాఫ్ లేరు కదమ్మా అని ఏ పెద్దమనిషీ ఆపలేదు. జీతం తక్కువ ఉన్న చోటికి వెళ్తానన్నప్పుడే మనకు ఆసిఫాబాద్ గుర్తొస్తుంది. అయితే ఆ ప్రశ్నలో నిజం కూడా ఉంది, దాన్ని వదిలేయకూడదు. ఇక్కడ ఉట్నూరులో ఏడాది పనిచేయలేనివాళ్లు అక్కడ పదేళ్లు పనిచేయలేరు. అందుకే నేను ఎవరినైనా ముందు అక్కడికి పంపుతాను, కరెంటు లేని రాత్రి, భాష అర్థం కాని పేషెంటు, వారం రోజులు ఫోను సిగ్నల్ లేకపోవడం, ఇవన్నీ చూశాక కూడా వెళ్తానంటే అప్పుడు మాట్లాడదాం అంటాను.

అవసరం ఎంతుందో కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నివేదికలో ఒక లెక్క చెప్పింది: ప్రపంచంలోని జబ్బుల భారంలో 24 శాతం ఆఫ్రికా ప్రాంతం మీదుంటే, ఆరోగ్య సిబ్బందిలో అక్కడున్నది 3 శాతం. మన దేశం నర్సుల్ని ప్రపంచమంతటికీ పంపుతోంది, వాళ్లలో కొందరు ఆ 3 శాతం ఉన్న చోటికి వెళ్తే తప్పేముంది?

ఉండిపోవడం అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది ఇథియోపియాలోని హామ్లిన్ దంపతుల గురించి తెలుసుకున్నాక. రెజినాల్డ్, కేథరిన్ ఇద్దరూ ప్రసూతి వైద్యులు, విశ్వాసులు. 1959లో మూడేళ్ల కాంట్రాక్టు మీద అడిస్ అబాబా వచ్చారు, మిడ్‌వైఫరీ స్కూలు పెట్టడం కోసం. అక్కడ వాళ్లకు కనపడినది ఫిస్టులా. తెలియని వాళ్ల కోసం చెబుతాను: చిన్న వయసులో గర్భం, నొప్పులు మొదలై రెండు మూడు రోజులైనా బిడ్డ బయటికి రాదు, సిజేరియన్ చేసే దిక్కు లేదు, బిడ్డ తల ఒత్తిడికి లోపలి కణజాలం నలిగి రక్తం అందక చచ్చిపోతుంది, తర్వాత అక్కడ రంధ్రం పడుతుంది. బిడ్డ చాలాసార్లు దక్కడు. తల్లికి మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఆ వాసనకు భర్త వదిలేస్తాడు, ఊరు పక్కన పెడుతుంది, ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల ఒక పాకలో ఒంటరిగా పడి ఉంటుంది. డిచ్‌పల్లికి ఒకప్పుడు వచ్చినవాళ్ల లాంటి బతుకే. ఆపరేషన్‌తో ఎక్కువమందికి నయమవుతుంది. ఈ ఇద్దరూ ఆ ఆపరేషన్‌లో నిపుణులయ్యారు, 1974లో దానికే ప్రత్యేకంగా ఆస్పత్రి పెట్టారు. అదే ఏడు చక్రవర్తి పదవి పోయి సైనిక ప్రభుత్వం వచ్చింది, రక్తపాతం జరిగింది, వీళ్లు కదలలేదు. భర్త చనిపోయాక కూడా కేథరిన్ అక్కడే ఉండి, 2020 మార్చిలో 96 ఏళ్ల వయసులో అడిస్ అబాబాలోనే పోయింది. అప్పటికి ఆ ఆస్పత్రుల్లో వైద్యం అందుకున్న ఆడవాళ్లు 60,000 పైనే.

నాకు ఈ అంకె కంటే ముఖ్యమనిపించేది మమితు గాషె. ఆమె ఒక పల్లెటూరి పిల్ల, బడి మొహం చూడలేదు, ఫిస్టులాతో రోగిగా ఆ ఆస్పత్రికి వచ్చింది. పక్కలు సర్దడం, తోటి రోగుల్ని చూసుకోవడంతో మొదలుపెట్టి, ఆపరేషన్ థియేటర్లో చేతికి పరికరాలు అందిస్తూ, ఏళ్ల తరబడి నేర్చుకుని తానే ఫిస్టులా సర్జరీలు చేసే స్థాయికి వచ్చింది, బయటి నుంచి వచ్చిన డాక్టర్లకు కూడా నేర్పింది. 2007లో అక్కడే మిడ్‌వైఫ్‌ల కాలేజీ మొదలైంది, ఫిస్టులా వచ్చాక కుట్టడం కాదు, అసలు రాకుండా పల్లెల్లోనే కాన్పులు చూసే అమ్మాయిల్ని తయారుచేయాలని. ఒక మనిషి ఒక దేశంలో ఉండిపోతే జరిగేది ఇది. రెండు వారాలు ఉన్నవాళ్లు ఇంకొకరికి నేర్పలేరు, పేర్లు నోరు తిరిగేలోపే వెనక్కి విమానం ఎక్కుతారు.

ఇక వెళ్లకూడని పద్ధతిలో వెళ్లినవాళ్లు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చిన కొన్ని వారాలకే, అమెరికాలోని ఐడహో నుంచి వెళ్లిన బాప్టిస్టు బృందంలో పదిమంది 33 మంది పిల్లల్ని బస్సులో డొమినికన్ రిపబ్లిక్‌కి తీసుకెళ్తూ సరిహద్దులో పట్టుబడ్డారు. అనాథల్ని కాపాడుతున్నామన్నారు. విచారిస్తే ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు, చదువూ తిండీ దొరుకుతాయన్న ఆశతో వాళ్లే అప్పగించారు. ఆ బృందం మనసు చెడ్డదని నేను అనను. కానీ ఆ దేశ చట్టం తెలియదు, కాగితాలు లేవు, పిల్లల సంక్షేమం గురించి చదువుకున్నవాళ్లు చెప్పే మొదటి పాఠం, విపత్తులో పిల్లల్ని సొంతవాళ్ల నుంచి దూరం చేయకూడదన్నది, అది కూడా పట్టించుకోలేదు. ఆ తల్లికి నెలకు సరిపడా బియ్యం, పప్పు ఇప్పిస్తే పిల్లాడు ఆమె దగ్గరే ఉండేవాడు.

ఉగాండాలోని జింజాలో జరిగింది నర్సుగా నన్ను ఇంకా కలవరపెడుతుంది. వైద్యం చదవని ఒక అమెరికా అమ్మాయి, చిన్న వయసులోనే, పోషకాహారం లేక చిక్కిపోయిన పిల్లల కోసం కేంద్రం పెట్టింది. అక్కడ చాలామంది పిల్లలు చనిపోయారు, తల్లులు కోర్టుకెక్కారు, 2020లో బాధ్యత ఒప్పుకోకుండానే రాజీ కుదిరింది. ఆ కేసును తేల్చడం నా పని కాదు. ఇలాంటి పిల్లాడిని చూడటం ఎంత కష్టమో మాత్రం చెప్పగలను. ఎముకల గూడులా ఉన్న బిడ్డ కనపడగానే కడుపునిండా పెట్టాలనిపిస్తుంది, అలా పెడితే ప్రాణం పోవచ్చు. ఒంట్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఒక్కసారిగా పడిపోతాయి, సెలైన్ ఎక్కువైతే గుండె తట్టుకోలేదు. అందుకే మొదట ఎఫ్-75 అనే పల్చటి పాలు, అదీ రెండు మూడు గంటలకోసారి, బరువును బట్టి మిల్లీలీటర్లలో కొలిచి, రాత్రంతా మేలుకుని పట్టాలి, ఒళ్లు చల్లబడకుండా చూసుకోవాలి. ప్రేమ ఉంటే ఇది వచ్చేయదు. చదువు కావాలి, పైన చూసే డాక్టరు కావాలి, ఆ దేశపు లైసెన్సు కావాలి.

యూత్ మీటింగుల్లో పిల్లలు 2018లో అండమాన్ దగ్గరి సెంటినెల్ దీవిలో, బయటివాళ్లను రానివ్వని ఆదివాసుల చేతిలో చనిపోయిన 26 ఏళ్ల అమెరికా మిషనరీ జాన్ అలెన్ చావ్ గురించి అడుగుతుంటారు, హతసాక్షి కదా అక్కా అని. అతని ధైర్యాన్ని నేను తక్కువ చేయను, కానీ అలా వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. మన దేశ చట్టం ఆ దీవికి వెళ్లడాన్ని నిషేధించింది, ఎందుకంటే మన ఒంట్లో మామూలు జలుబు కూడా ఆ జనాన్ని తుడిచిపెట్టగలదు. ఎవరి మేలు కోరుతున్నామో వాళ్లనే చంపే ప్రమాదం ఉన్నప్పుడు వెళ్లకపోవడమే ప్రేమ.

సహాయానికీ మతానికీ ముడి గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి, మన చుట్టుపక్కలవాళ్లకు మన మీద అనుమానం ఉన్నది ఇక్కడే. బియ్యం మూట మీద కరపత్రం పెట్టి ఫోటో తీసే సేవ నాకు వద్దు. ఒంగోలులో జాన్ క్లౌ చేసింది చూడండి. ఆ 1876-78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేశాడు కాబట్టి ఆ పని నడపగలిగాడు. అంతకంటే పెద్ద సంగతి, కరవు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగి వచ్చినవాళ్లకు కూడా ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని. సాయం ముగిశాకే ఇచ్చాడు, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి. మా యూత్ పిల్లలకు ఆ 2,222 అంకె నోటికి వచ్చు, దానికి ముందు ఏడాది పైగా ఆయన ఆగిన సంగతి తెలియదు.

1994లో రెడ్ క్రాస్ వాళ్లతో పాటు క్యాథలిక్ సహాయ సంస్థ కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కూడా కలిసి ఒప్పుకున్న ప్రవర్తనా నియమావళిలో, సాయాన్ని మత ప్రచారానికో రాజకీయానికో వాడకూడదని ఉంది. 2011లో వాటికన్, వరల్డ్ కౌన్సిల్, ఇవాంజెలికల్ అలయెన్స్ మూడూ కలిసి విడుదల చేసిన పత్రం కూడా ఆశలు చూపి లొంగదీసుకోవడాన్ని ఖండించింది. అంటే ఇది నా సొంత మెత్తదనం కాదు, సంఘాలన్నీ ఒప్పుకున్న మాట. నేపాల్‌లోనైతే మతం మార్పించడం నేరం, మూడు రోజుల ట్రిప్పుకి వెళ్లి కరపత్రాలు పంచి వచ్చేసే మన పిల్లలకు ఏమీ కాదు, ఆ తర్వాత పోలీసులు వచ్చేది అక్కడి స్థానిక విశ్వాసి ఇంటికి. నీ విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే చెప్పు, దాచక్కర్లేదు. అడగని పేషెంటు ముందు, మందు చేతిలో పట్టుకుని మాత్రం చెప్పకు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో అజరయ్య గారు తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. ఈ రోజు ఆఫ్రికాలో స్టెతస్కోపుతో దిగే తెలుగు పిల్లలం మనం ఆ తెల్ల మిషనరీల స్థానంలో ఉన్నాం. మన హైదరాబాద్‌లో టోలిచౌకి వైపు ఆఫ్రికా విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఇల్లు అద్దెకు ఇవ్వడానికి మనలో ఎంతమంది ఒప్పుకుంటారు? షేర్ ఆటోలో పక్కన కూర్చోడానికి ఎంతమంది జరుగుతారు? నిజాం కొలువులో ఆఫ్రికా గుర్రపు దళం ఉండేది కాబట్టి ఏసీ గార్డ్స్ అనే పేరొచ్చింది, వాళ్ల వారసులు ఈ ఊరివాళ్లే, మన పక్కవాళ్లే. ఆఫ్రికా వెళ్తానన్న ప్రతి పిల్లకూ పిల్లాడికీ నేను పెట్టే మొదటి పని, ఇక్కడున్న ఒక ఆఫ్రికా విద్యార్థిని ఇంటికి భోజనానికి పిలవడం, వాళ్ల భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోవడం. అమ్మానాన్న ఆ భోజనానికి ఒప్పుకోని ఇళ్లు ఉన్నాయి. ముందు ఆ సంగతి తేలాలి.

ఫోటోల గురించి ఒక్క మాట. గాంధీ ఆస్పత్రి వార్డులో పేషెంటు పిల్లాడిని ఎత్తుకుని రీల్ తీస్తే మనల్ని ఉద్యోగంలో ఉంచరు. అక్కడి పిల్లాడికి కూడా అదే గౌరవం.

ప్రమాదం లేదని నేను ఏ తల్లికీ చెప్పను. 2014లో లైబీరియాలో ఎబోలా రోగుల్ని చూస్తూ డాక్టరు కెంట్ బ్రాంట్లీకే ఆ జబ్బు వచ్చింది, చావు దగ్గరికి వెళ్లి బతికాడు. 2016 మార్చిలో యెమెన్‌లోని ఏడెన్‌లో, ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలోకి సాయుధులు చొరబడి మదర్ థెరిసా సంస్థ సిస్టర్లు నలుగురిని చంపారు, అందులో ఒకామెది మన జార్ఖండ్. అదే రోజు ఎత్తుకుపోయిన కేరళ ఫాదర్ టామ్ ఉళున్నాలిల్ 2017 సెప్టెంబర్లో గానీ విడుదల కాలేదు. యుద్ధం మొదలయ్యాక ఆ సిస్టర్లు వెళ్లిపోవచ్చు. మంచం దిగలేని ముసలివాళ్లను ఎవరికి అప్పగించి వెళ్తారు? వాళ్లు ఉండిపోయింది అందుకే. ఆ నిర్ణయం ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవాళ్లు తీసుకోదగ్గది, పరిస్థితి తెలుసు కాబట్టి. కొత్తగా వెళ్లిన ఇరవై మూడేళ్ల పిల్ల మీద దాన్ని పెట్టకూడదు. యుద్ధం జరుగుతున్న చోటికి మొదటిసారి వెళ్తానంటే నేను ఒప్పుకోను, పంపే సంస్థ దగ్గర వెనక్కి తెచ్చే ఏర్పాటు, దానికి ఇన్సూరెన్స్ లేకపోతే అసలే ఒప్పుకోను.

ఇక డబ్బు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలని యేసే చెప్పాడు. మెర్సీ షిప్స్ అని ఆస్పత్రి ఓడలు నడిపే సంస్థ ఉంది, 1978 నుంచి, ఆఫ్రికా రేవుల్లో ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. అందులో పనిచేసే డాక్టరైనా వంటవాడైనా జీతం లేకపోవడమే కాదు, ప్రయాణం లాంటి సొంత ఖర్చులు తానే చూసుకోవాలి. ఆ డబ్బు సాధారణంగా ఇంటి దగ్గర సంఘమో స్నేహితులో ఇస్తారు. మన సంఘాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్‌కి చందా అడిగితే ఒక్క ఆదివారంలో వచ్చేస్తుంది, ఒక మనిషికి నెలనెలా ఇవ్వమంటే మూడో నెలకు సగం మంది మర్చిపోతారు. పంపేటప్పుడు శాలువా కప్పి, తర్వాత కరెంటు బిల్లు కట్టుకోలేక అప్పులు చేసి తిరిగొచ్చిన వాళ్లను చూశాను. తిరిగొచ్చినందుకు వాళ్లనే తప్పుపట్టారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకని మా కమిటీకి ఒక కాగితం రాసిచ్చాను. పంపే ప్రతి మనిషికీ కనీసం పదేళ్లపాటు నెలనెలా మద్దతు, ఆరోగ్య బీమా, పెన్షన్ కోసం ఎన్‌పీఎస్‌లో జమ, మూడేళ్లకోసారి ఇంటికి వచ్చి వెళ్లడానికి టికెట్, ఇక్కడుండే అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లే బాధ్యత పేరు పెట్టి ఎవరో ఒకరికి అప్పగించడం, పని ముగించుకుని వస్తే నిలదొక్కుకునే దాకా ఇంటి అద్దె. ట్రస్టుగా ఉన్న సంఘం డబ్బు దేశం బయట ఖర్చయితే పన్ను మినహాయింపు దగ్గర చిక్కు వస్తుంది కాబట్టి, ఆడిటరుగారిని ముందే అడిగి దారి చూసుకోవాలని కూడా రాశాను. మీ సంఘంలో ఇలాంటి పిల్లలుంటే ఈ కాగితం వాడుకోండి, లెక్కలు బాగా తెలిసినవాళ్లతో మార్పించుకోండి. డిసెంబర్ బడ్జెట్ రాయకముందే కమిటీలో పెట్టండి, ఆ తర్వాత అడిగితే వచ్చే ఏడాది చూద్దాం అంటారు.